లవ్‌కి గ్రీకులో ఎన్ని మాటలు?

ఫిబ్రవరి రెండో వారం దగ్గరపడితే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తిరగడం మొదలవుతుంది. ఇంగ్లీషువాళ్ళకి ‘లవ్’ అనే మాట ఒక్కటే ఉందట, ప్రాచీన గ్రీకులు మాత్రం ప్రేమని ఏడు రకాలుగా చూసి ఏడు పేర్లు పెట్టారట. కింద పట్టిక ఉంటుంది. ఎరోస్ అంటే శరీరాల ఆకర్షణ. ఫిలియా అంటే స్నేహం. స్టోర్గే అంటే ఇంట్లోవాళ్ళ మమకారం. అగాపే అంటే తిరిగి ఏమీ ఆశించని దివ్యప్రేమ. లూడుస్ సరదా ప్రేమ, ప్రాగ్మా ఏళ్ళ తరబడి నిలిచే దాంపత్య ప్రేమ, ఫిలౌటియా తనను తాను ప్రేమించుకోవడం. కొందరు మానియా, అంటే పిచ్చి ప్రేమ, కూడా చేర్చి ఎనిమిది చేస్తారు. చర్చికి వెళ్ళేవాళ్ళకి మొదటి నాలుగూ కొత్తవి కావు. ‘అగాపే ప్రేమ’ అన్న మాట తెలుగు ప్రసంగాల్లో ఎప్పటినుంచో వినిపిస్తున్నదే.

పట్టిక చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ దాన్ని తీసుకెళ్ళి ప్లేటోకి చూపిస్తే ఆయన గుర్తుపట్టడు. లూడుస్ అసలు గ్రీకు మాటే కాదు, లాటిన్. ఆట అని అర్థం. ప్రాగ్మా గ్రీకే గానీ ప్రేమతో దానికి చుట్టరికం లేదు. పని, వ్యవహారం, సంగతి అనే అర్థాల్లో వాడతారు. ముసలి దంపతుల అనురాగాన్ని ప్రాగ్మా అన్న ప్రాచీన గ్రీకువాడు లేడు. మిగిలినవి గ్రీకు మాటలే. అయితే గ్రీకులు వాటిని పట్టికలో ఉన్నట్టు గీత గీసి వాడలేదు.

మరి ఈ పట్టిక ఎక్కడిది? ఇది ఇరవయ్యో శతాబ్దపు సరుకు, అదీ మూడు వేరు వేరు చోట్ల తయారైంది. 1930లలో స్వీడన్‌కి చెందిన లూథరన్ పండితుడు ఆండర్స్ నైగ్రెన్ ఎరోస్‌నీ అగాపేనీ ఎదురెదురుగా నిలబెట్టి పెద్ద గ్రంథం రాశాడు. ఎరోస్ మనిషి తన మేలు కోసం పైకి ఎక్కే కోరిక, అగాపే అవతలివాడి అర్హత చూడకుండా కిందికి దిగివచ్చే దేవుడి ప్రేమ అన్నది ఆయన వాదం. 1960లో బ్రిటిష్ రచయిత సి.ఎస్. లూయిస్ మమత, స్నేహం, ఎరోస్, దివ్యప్రేమ అని నాలుగు అధ్యాయాలుగా పంచి చెప్పాడు. చర్చిల్లో వినిపించే ‘నాలుగు ప్రేమలు’ జనంలోకి ఇంతగా వెళ్ళడంలో ఆ పుస్తకం చెయ్యి పెద్దది.

మూడోది 1973లో కెనడాలో పుట్టింది. జాన్ అలన్ లీ అనే సమాజశాస్త్రవేత్త తన కాలపు మనుషుల్నే వాళ్ళ ప్రేమల గురించి అడిగి తెలుసుకుని, ఆ తీరుల్ని రంగుల చక్రంలా అమర్చాడు. ఎరోస్, లూడుస్, స్టోర్గే మూడూ మూలరంగులు. ఎరోస్, లూడుస్ కలిస్తే మానియా. లూడుస్, స్టోర్గే కలిస్తే ప్రాగ్మా. ఎరోస్, స్టోర్గే కలిస్తే అగాపే. ఆయనకి పేర్లు కావలసి వచ్చి గ్రీకు నుంచి కొన్ని, లాటిన్ నుంచి ఒకటి తెచ్చుకున్నాడు, అంతే. గ్రీకులు ఇలా అనుకున్నారని చెప్పడం ఆయన ఉద్దేశం కాదు. 1986లో అమెరికాలో హెండ్రిక్ దంపతులు దీన్ని ప్రశ్నావళిగా మార్చారు. ఆ తర్వాత మనస్తత్వశాస్త్రం పాఠ్యపుస్తకాల్లోకి, అక్కణ్ణించి ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది.

ఈ ప్రయాణంలో ప్రాగ్మాకి జరిగింది నాకు భలే తమాషాగా అనిపిస్తుంది. లీ చెప్పిన ప్రాగ్మా అంటే లెక్క చూసుకుని చేసే ప్రేమ. ఎదుటివాళ్ళ చదువు, ఉద్యోగం, అలవాట్లు మనకి కుదురుతాయా లేదా అని మనసులో జాబితా పెట్టుకుని తోడు వెతుక్కోవడం. మన మ్యాట్రిమోనీ ప్రకటన చూస్తే ఆయన అచ్చంగా ఇదే అనేవాడు. ఇంటర్నెట్‌కి వచ్చేసరికి అదే మాట యాభై ఏళ్ళు కాపురం చేసిన జంట ప్రేమైపోయింది, పైగా దానికి ‘ప్రాచీన గ్రీకుల జ్ఞానం’ అన్న ముద్ర ఒకటి.

ఇక అసలు గ్రీకుల సంగతి. ఎరోస్‌తో మొదలుపెడదాం, అన్నిటికంటే ఎక్కువ అన్యాయం జరిగింది దానికే.

హోమర్ కావ్యాల్లో వీరులు భోజనానికి కూర్చున్న ప్రతిసారీ దాదాపు ఒకే పాదం వస్తుంది: తాగాలనీ తినాలనీ ఉన్న కోరిక తీరాక, వాళ్ళలో ఒకడు మాట్లాడసాగాడు. అక్కడ ‘కోరిక’కి వాడింది ఎరోస్ మాటకే పాత రూపం. అంటే మనకి దొరికే తొలి గ్రీకు కవిత్వంలోనే ఆ మాట మాంసం మీదికీ ద్రాక్షసారా మీదికీ కూడా పోతుంది. హోమర్‌కి కాస్త అటూ ఇటూగా, క్రీస్తుపూర్వం 700 ప్రాంతంలో, హెసియడ్ అనే కవి దేవతల పుట్టుక చెబుతూ ఎరోస్‌ని సృష్టి మొదట్లోనే పెట్టాడు. ముందు శూన్యం, తర్వాత భూమి, ఆపైన ఎరోస్. దేవుళ్ళకీ మనుషులకీ కీళ్ళు సడలించి, బుద్ధిని లొంగదీసుకునే శక్తి అని వర్ణించాడు. రెక్కలూ బాణాలూ ఉన్న బొద్దు పిల్లాడు చాలా తర్వాతివాడు.

రాజకీయాల్లోనూ ఎరోస్ కనిపిస్తుంది. పెలొపొనీసియన్ యుద్ధ చరిత్ర రాసిన థ్యుసిడిడీస్, ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ నోట ఒక సంతాప ప్రసంగం చెప్పిస్తాడు. అందులో పెరిక్లీస్ జనాన్ని రోజూ తమ నగరపు బలాన్ని కళ్ళారా చూడమంటాడు, దాని ప్రేమికులైపొమ్మంటాడు. అక్కడి మాట ‘ఎరస్టాయ్’. ఎరోస్‌లో పడ్డవాళ్ళు అని, దేశభక్తులు అని కాదు. క్రీస్తుపూర్వం 415లో ఏథెన్స్‌వాళ్ళు సిసిలీ మీదికి నౌకాదళాన్ని పంపాలని తీర్మానించినప్పుడు అదే చరిత్రకారుడు, ఆ ప్రయాణం మీద ఎరోస్ అందరినీ ఒకేలా ఆవహించిందని రాశాడు. వృద్ధులకి గెలుస్తామని ఆశ, కుర్రాళ్ళకి దూరదేశం చూడాలని తపన, సామాన్య సైనికులకి జీతం. రెండేళ్ళలో ఆ దళం మొత్తం సిసిలీలోని సిరక్యూస్ దగ్గర నాశనమైంది. పట్టికలో ఉన్న ‘శారీరక ఆకర్షణ’ అన్న అర్థం పెట్టుకుని ఈ వాక్యం చదివితే ఏం అర్థమవుతుంది చెప్పండి.

ఎరోస్ గురించి గ్రీకులు అత్యంత లోతుగా మాట్లాడింది ప్లేటో రాసిన ‘విందు’ (సింపోజియం) అనే సంభాషణలో. నాటకకర్త అగథాన్‌కి క్రీస్తుపూర్వం 416లో తొలి బహుమతి వచ్చిన సందర్భం. ముందురోజు తాగింది ఇంకా దిగకపోవడంతో, ఇవాళ మితంగా తాగుదాం, వేణువు వాయించే అమ్మాయిని పంపించేద్దాం, వంతులవారీగా ఎరోస్‌ని పొగుడుదాం అని తీర్మానించుకుంటారు. ఎరోస్ అందరికంటే పాత దేవుడని ఫీడ్రస్ అంటాడు. పౌసానియస్ లేచి, ప్రేమదేవత అఫ్రొడైట్‌లు ఇద్దరున్నారు కాబట్టి ఎరోస్‌లూ ఇద్దరే, ఒకడు పైలోకపువాడు, ఒకడు బజారువాడు అంటాడు. తర్వాత వంతు హాస్యనాటకాలు రాసే అరిస్టోఫనీస్‌ది. ఆయనకి ఎక్కిళ్ళు పట్టుకోవడంతో పక్కనున్న వైద్యుడు ఎరిక్సిమకస్ వంతు మార్చుకుని, ఎరోస్ మనుషుల్లోనే కాదు, ఒంట్లో వేడికీ చల్లదనానికీ మధ్య కూడా ఉందని వైద్యశాస్త్రం చెబుతాడు.

ఎక్కిళ్ళు తగ్గాక అరిస్టోఫనీస్ చెప్పిన కథ లోకమంతా తెలిసినదే. మనుషులు ఒకప్పుడు నాలుగు చేతులు, నాలుగు కాళ్ళతో గుండ్రంగా ఉండేవారట. వాళ్ళ పొగరు అణచడానికి దేవతల రాజు జ్యూస్ నిలువునా చీల్చాడట. అప్పటినుంచి ప్రతి సగం తన రెండో సగాన్ని వెతుక్కుంటోంది, ఆ వెతుకులాట పేరే ఎరోస్. ‘బెటర్ హాఫ్’ అని భార్యని పరిచయం చేసేవాళ్ళకి ఈ కథ తెలియకపోవచ్చు. చివర్లో సోక్రటీస్, డియొటిమా అనే స్త్రీ తనకి నేర్పిందంటూ చెప్పింది వేరే లోకం. ఎరోస్ అసలు దేవుడు కాదు, లేమికీ ఉపాయానికీ పుట్టిన బిడ్డ, ఎప్పుడూ లేనిదాని కోసం తిరుగుతూ ఉంటాడు. ఒక అందమైన శరీరం దగ్గర మొదలై, అన్ని శరీరాల అందం, మనసుల అందం, చట్టాల అందం, జ్ఞానపు అందం మీదుగా మెట్టు మెట్టుగా ఎక్కి, మార్పులేని అందం దాకా చేరుస్తాడు. ఇంతలో తాగి తూలుతూ ఏథెన్స్ రాజకీయ నాయకుడు ఆల్కిబయడీస్ వచ్చి పడి, ఎరోస్‌ని వదిలేసి సోక్రటీస్‌ని పొగడటం మొదలుపెడతాడు.

వాళ్ళు మాట్లాడే ప్రేమ చాలామటుకు మగవాళ్ళ మధ్యది, ముఖ్యంగా వయసొచ్చిన పురుషుడికీ కుర్రాడికీ మధ్యది. ఏథెన్స్ పెద్దింటి మర్యాదల్లో అది భాగం. తర్వాతి శతాబ్దాలు ఈ సంగతిని మెల్లగా పక్కకి జరిపాయి. పదిహేనో శతాబ్దంలో ఫ్లోరెన్స్‌కి చెందిన మార్సిలియో ఫిచీనో ఈ విందుకి వ్యాఖ్యానం రాసి, ‘ప్లేటోనిక్ ప్రేమ’ అన్న ఆలోచనని ప్రచారంలోకి తెచ్చాడు. ఇప్పుడు ఆ మాటకి శరీరంతో పనిలేని ప్రేమ అని అర్థం. ప్లేటో మెట్లలో మొదటి మెట్టు శరీరమే.

నాకు ఇక్కడ నచ్చేది ఒకటుంది. ప్రేమకి గ్రీకులు ఏడు మాటలు పెట్టుకున్నారని మనం అనుకుంటున్నాం. వాళ్ళేమో ఒకే మాట పట్టుకుని రాత్రంతా కూర్చుని, తలా ఒక అర్థం చెప్పుకున్నారు.

ఫిలియాని ‘స్నేహం’ అనడం మరీ తప్పు కాదు, మరీ ఇరుకు. ఫిలోస్ అనే మాట హోమర్‌లో ‘ప్రియమైన’ అన్నంత తరచుగా ‘తనది’ అన్న అర్థంలోనూ వస్తుంది. వీరుడు తన గుండెనీ తన మోకాళ్ళనీ కూడా ఫిలోస్ అంటాడు. నావాళ్ళు, నాది అనే భావన దాని అడుగున ఉంది. అందుకే అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలోని పది భాగాల్లో రెండిటిని, ఎనిమిది, తొమ్మిదిని, ఫిలియాకే ఇచ్చినప్పుడు అందులోకి రానివాళ్ళు లేరు. తల్లీబిడ్డలు, భార్యాభర్తలు, వ్యాపారంలో భాగస్థులు, ఒకే ఓడలో ప్రయాణించేవాళ్ళు, ఒకే దళంలో సైనికులు, ఒకే నగరపు పౌరులు. తల్లి బిడ్డని ప్రేమించడమే ఫిలియాకి ఆయన చూపించే మంచి ఉదాహరణల్లో ఒకటి. పట్టిక ప్రకారం అది స్టోర్గే ఖాతాలోకి వెళ్ళాలి.

ఫిలియా మూడు కారణాలతో పుడుతుందంటాడు ఆయన. ఉపయోగం కోసం, సరదా కోసం, అవతలి మనిషి మంచితనం కోసం. మొదటి రెండూ కారణం పోగానే పోతాయి. మూడోది అరుదు, దానికి కాలం కావాలి, కలిసి ఉప్పు తినందే ఒకరినొకరు ఎరుగరని సామెత ఉంది కదా అంటాడు. మన ‘ఉప్పు తిన్న విశ్వాసం’ గుర్తొస్తుంది గానీ, మన మాటలో ఉప్పు పెట్టినవాడొకడు, తిన్నవాడొకడు. గ్రీకు సామెతలో ఇద్దరూ కలిసి తింటారు. చట్టాలు చేసేవాళ్ళు న్యాయం కంటే ఫిలియా గురించే ఎక్కువ ఆలోచిస్తారని కూడా అన్నాడు, ఎందుకంటే నగరాన్ని పట్టి ఉంచేది అదే. ఫిలియాకి ఆయన పెట్టిన ఒకే గట్టి షరతు, అది రెండు వైపులా ఉండాలి, ఇద్దరికీ తెలిసి ఉండాలి. ద్రాక్షసారా మీద మనకి ఎంత ఇష్టమున్నా అది ఫిలియా కాదు, సారా మేలు కోరడం నవ్వులాట అంటాడు. కోరితే గీరితే, మనం తాగేదాకా అది చెడిపోకుండా ఉండాలని కోరతాం.

తనను తాను ప్రేమించుకోవడం, ఫిలౌటియా, వచ్చేది కూడా ఈ చర్చలోనే. అదొక వేరే ‘రకం’గా కాదు. జనం దాన్ని తిట్టుగా వాడుతున్నారు, డబ్బూ పదవీ ఎక్కువ లాక్కునేవాణ్ణి చూసి అలా అంటున్నారు, కానీ మంచివాడు తనలోని మంచిని ప్రేమించుకుంటే తప్పేమిటని ఆయన ప్రశ్న. ఈ కాలపు సెల్ఫ్ కేర్ పోస్టులు దీన్ని సగమే ఎత్తుకున్నాయి.

ఈ ఫిలోస్ కలిసిన ఫిలడెల్ఫియా అన్న పేరుకి ‘సోదరప్రేమ’ అని అర్థం. విలియం పెన్ 1682లో అమెరికాలోని తన నగరానికి ఆ పేరు పెట్టడానికి చాలా ముందే, ఈజిప్టు పాలించిన రెండో టాలెమీకి ‘ఫిలడెల్ఫస్’ అనే బిరుదు అంటుకుంది. ఆయన సొంత అక్క అర్సినోయిని పెళ్ళి చేసుకున్నాడు.

స్టోర్గే గురించి చెప్పడానికి పెద్దగా లేదు. తల్లిదండ్రులకీ పిల్లలకీ మధ్య ఉండే మమకారం అన్న అర్థం సరైనదే, కాకపోతే ఆ నామవాచకం పాత గ్రీకులో తక్కువ. దాని క్రియాపదం ఉన్నదానితో సరిపెట్టుకోవడానికీ, భరించడానికీ కూడా వాడతారు. కొత్త నిబంధనలో స్టోర్గే అన్న మాట ఒక్కసారి కూడా లేదు. దాని చుట్టాలు మాత్రం ఉన్నాయి. రోమీయులకు, తిమోతికి రాసిన పత్రికల్లో ‘అస్టోర్గోస్’, అంటే ఆ మమకారం లేనివాళ్ళు, అని చెడ్డ గుణాల జాబితాలో వస్తుంది. రెండో తిమోతిలో తెలుగు బైబిల్ దాన్ని ‘అనురాగరహితులు’ అంది, చక్కటి మాట.

అసలు గొడవంతా అగాపే దగ్గర ఉంది.

ప్రసంగాల్లో వినిపించేది ఇది: అగాపే దేవుడి ప్రేమకే ప్రత్యేకించిన మాట, స్వార్థం లేనిది, మిగిలిన ప్రేమలన్నిటికంటే పైది. ఆ నామవాచకం క్రైస్తవానికి ముందటి గ్రీకులో చాలా అరుదన్నది నిజమే. కానీ ‘అగపావో’ అనే క్రియాపదం మామూలుది. ఇష్టపడటం, ఆదరించడం, ఉన్నదానితో తృప్తిపడటం అనే అర్థాల్లో ప్లేటో, జెనొఫన్, అరిస్టాటిల్ అందరూ వాడారు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దం నుంచి అది ఇంకా పెరిగింది. ఫిలియాకి చుట్టమైన ‘ఫిలేవో’ క్రియకి ముద్దుపెట్టుకోవడం అన్న అర్థం బలపడి, ప్రేమించడానికి వేరే మాట అవసరం కావడం ఇందుకు ఒక కారణమని కొందరు భాషాచరిత్రకారులు చెబుతారు. యూదా ఇస్కరియోతు, నేను ఎవరిని ముద్దుపెట్టుకుంటానో ఆయనే అని గుర్తు చెప్పినప్పుడు మత్తయి సువార్తలో ఉన్నది ఈ ఫిలేవోనే.

క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నుంచి అలెగ్జాండ్రియాలో యూదుల లేఖనాలు గ్రీకులోకి అనువాదమయ్యాయి. హీబ్రూలో ప్రేమకి ‘అహబా’ అన్న విశాలమైన మాట ఉంది. దేవుడి ప్రేమా అదే, మొగుడూ పెళ్ళాల ప్రేమా అదే. అనువాదకులు దానికి ఎక్కువగా అగాపేనీ దాని క్రియనీ వాడేశారు. ఫలితం ఏమిటో చూడండి. పరమగీతమంతా యువతీయువకుల మోహం, అందులో ‘ప్రేమ మరణమంత బలవంతమైనది’ అన్నచోట గ్రీకులో ఉన్నది అగాపే. అది సరేననుకుందాం. రెండో సమూయేలు గ్రంథం పదమూడో అధ్యాయంలో దావీదు కొడుకు అమ్నోను తన సవతి చెల్లెలు తామారు మీద మోజుపడి, జబ్బు నటించి పిలిపించి, బలాత్కరిస్తాడు. ఆ వెంటనే ఆమె మీద అతనికి, అంతకుముందున్న ప్రేమని మించిన ద్వేషం పుట్టిందని ఉంటుంది. ఆ ‘ప్రేమ’కి కూడా గ్రీకు అనువాదంలో ఉన్న మాట అగాపే. ఈ ఒక్క వచనం చాలు, ఆ పదంలోనే పవిత్రత నింపి ఉందన్న వాదన నిలవదని చెప్పడానికి.

కొత్త నిబంధనలోనూ ఇంతే. మనుషులు వెలుగు కంటే చీకటిని ప్రేమించారన్న చోట అగపావో. పరిసయ్యులు సమాజమందిరాల్లో అగ్రపీఠాల్ని ప్రేమిస్తారన్న చోట అగపావో. సహచరుడు దేమా ఇహలోకాన్ని ప్రేమించి నన్ను వదిలి వెళ్ళిపోయాడని పౌలు పత్రిక బాధపడే చోటా అదే. మరోవైపు, తండ్రి కుమారుణ్ణి ప్రేమిస్తున్నాడని యోహాను సువార్త రెండుసార్లు చెబుతుంది, మూడో అధ్యాయంలో అగపావోతో, ఐదో అధ్యాయంలో ఫిలేవోతో. లాజరు మీద యేసుకున్న ప్రేమకి ఒకే అధ్యాయంలో రెండూ కనిపిస్తాయి.

ఇంతా చెప్పాక యోహాను ఇరవై ఒకటో అధ్యాయాన్ని దాటవేయడం కుదరదు, ఎందుకంటే నాలుగు ప్రేమల ప్రసంగానికి అది ఆయువుపట్టు. తెల్లవారుజామున సరస్సు ఒడ్డున భోజనమయ్యాక యేసు పేతురుని మూడుసార్లు అడుగుతాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని. మొదటి రెండుసార్లు ప్రశ్న అగపావోతో ఉంటుంది, పేతురు జవాబు ఫిలేవోతో. మూడోసారి ప్రశ్న కూడా ఫిలేవోకి మారుతుంది. దీన్నిబట్టి, యేసు దివ్యప్రేమ అడిగితే పేతురు స్నేహం మాత్రమే ఇవ్వగలిగాడనీ, చివరికి యేసే అతని స్థాయికి దిగివచ్చాడనీ చెబుతారు. తెలుగు బైబిల్‌లో అన్నిచోట్లా ‘ప్రేమించు’ అనే ఉండటంతో ఇది అనువాదంలో పోయిన రహస్యంలా వినిపిస్తుంది, వినేవాళ్ళకి ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఆ వ్యాఖ్య అందమైనదే, నాటకీయంగానూ ఉంది. కానీ అదే సంభాషణలో రచయిత ఇంకేం మార్చాడో చూడాలి. ఒకసారి గొర్రెపిల్లలు, ఒకసారి గొర్రెలు. ఒకసారి మేపు, ఒకసారి కాయి. ‘ఎరుగుదువు’ అన్నదానికి రెండు వేర్వేరు గ్రీకు క్రియలు. గొర్రెపిల్లలకీ గొర్రెలకీ మధ్య ఎవరూ వేదాంతం చెప్పరు. ఒకే మాట పదేపదే రాకుండా పర్యాయపదాలు వాడటం యోహాను శైలి. పైగా పేతురు మొదటిసారి ‘అవును ప్రభువా’ అని మొదలుపెట్టాడు, ‘కాదు, ఇంతవరకే’ అనలేదు. మూడోసారి అడిగినందుకు నొచ్చుకున్నాడని వచనమే చెబుతోంది. మూడుసార్లు తనను ఎరుగనని బొంకినవాణ్ణి మూడుసార్లు అడగడమే అక్కడి గుచ్చుకునే విషయం. ఈ కాలపు వ్యాఖ్యాతల్లో చాలామంది ఇటే మొగ్గుతారు. అవతలి పక్షానికీ ఒక సాక్ష్యముంది. నాలుగో శతాబ్దం చివర్లో సువార్తల లాటిన్ పాఠాన్ని సవరించిన జెరోమ్ బైబిల్‌లో ఈ తేడా అలాగే ఉంది, మొదటి రెండు ప్రశ్నలకి ఒక క్రియ, మూడోదానికి వేరే క్రియ. కాబట్టి తేడా కంటికి ఆనడం కొత్త కాదు. దాని మీద అంత కట్టడం లేపడం మాత్రం కొత్తే.

అయితే అగాపేకి క్రైస్తవంలో ప్రత్యేక బరువు లేదా అంటే, ఉంది. అది పదం పుట్టుకలో లేదు, పదంతో చెప్పిన మాటల్లో ఉంది. ప్రేమ దీర్ఘకాలం సహిస్తుంది, దయ చూపుతుంది, డంబంగా ప్రవర్తించదు అని పౌలు కొరింథువాళ్ళకి ఒక్కొక్కటే వివరించి చెప్పాల్సి వచ్చింది. ఆ మాట వినగానే అదంతా అర్థమైపోయేదైతే పదమూడో అధ్యాయం రాయక్కర్లేదు. మొదటి యోహాను పత్రిక ‘దేవుడు ప్రేమాస్వరూపి’ అన్నప్పుడూ ఆ వాక్యమే మాటని ఎత్తింది. ఎరోస్ కొత్త నిబంధనలో ఎక్కడా రాలేదన్నది కూడా గమనించాల్సిందే, రచయితలు ఆ మాటని దూరంగానే ఉంచారు.

ఈ అగాపేని లాటిన్‌లో ‘కారిటాస్’ అన్నారు, అదే ఇంగ్లీషులో ‘చారిటీ’ అయింది. 1526లో విలియం టిండేల్ అనే అనువాదకుడు కొత్త నిబంధనని ఇంగ్లీషు చేస్తూ అక్కడ ‘లవ్’ అని పెట్టాడు. కాథలిక్ పండితుడు థామస్ మోర్ మండిపడ్డాడు. చర్చి అనే చోట కాంగ్రెగేషన్, చారిటీ అనే చోట లవ్ పెట్టడం వెనక మతద్రోహం ఉందన్నాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ పౌలు అధ్యాయంలో మళ్ళీ చారిటీకే వెళ్ళింది. 1881 సవరణలో లవ్ తిరిగొచ్చింది, అప్పటికి చారిటీ అంటే చందాలూ దానధర్మాలే అయిపోయింది. లవ్ మరీ వెడల్పైన మాటన్న ఫిర్యాదు కొత్తదేమీ కాదన్నమాట.

ఆ ఫిర్యాదులో ఎంత న్యాయముంది? లవ్ వెడల్పైనదే. బిర్యానీకీ, కుక్కపిల్లకీ, దేశానికీ, దేవుడికీ అదే వాడతారు. కానీ పట్టిక చేసే పోలికలో చిన్న మోసముంది. గ్రీకు వైపు పర్యాయపదాలన్నీ లెక్కపెట్టి, ఇంగ్లీషు వైపు ఒక్కటే లెక్కపెట్టారు. అఫెక్షన్, ఫ్రెండ్‌షిప్, డివోషన్, ప్యాషన్, లస్ట్ అన్నవి ఏమయ్యాయి? ఈ పద్ధతిలో మనమూ ఒక పోస్టు తయారుచేయొచ్చు. ప్రేమ, వలపు, మమత, మక్కువ, చెలిమి, వాత్సల్యం, ఆప్యాయత, మోహం, అనురాగం, తెలుగువాళ్ళకి తొమ్మిది ప్రేమలు అని. తర్వాత ఎవరైనా వచ్చి, మమతకీ వాత్సల్యానికీ గీత ఎక్కడుందో చూపించమంటే తల గోక్కోవాలి. గ్రీకుల పరిస్థితీ అదే. ఇంతకంటే వింత, ఆ వెడల్పైన లవ్ తెలుగులోకి వచ్చి ఎంత సన్నబడిందో. ‘వాడు లవ్‌లో ఉన్నాడు’, ‘లవ్ మ్యారేజ్’ అంటే మనకి ఒకటే అర్థం, అమ్మానాన్నలకి టెన్షన్ పెట్టే అర్థం.

పట్టికలు వదిలేసిన గ్రీకు మాటలే నాకు ఎక్కువ ఆసక్తిగా ఉంటాయి. ‘హిమెరోస్’ అంటే ఎదురుగా ఉన్నదాని మీద ఉప్పొంగే కోరిక, ‘పోథోస్’ అంటే దగ్గర లేనిదాని కోసం బెంగ, అని ప్లేటో ఒకచోట తేడా చెబుతాడు. అలెగ్జాండర్ చరిత్ర రాసిన ఏరియన్, గోర్డియన్ ముడి ఉన్న బండిని చూడాలన్నా, ఇంకా దూరం వెళ్ళాలన్నా ఆయనకి పోథోస్ పట్టుకుందనే రాస్తాడు. ‘క్సెనియా’ అని మరొకటి. అతిథికీ ఆతిథ్యమిచ్చినవాడికీ మధ్య తరాలు నడిచే బంధం, దానికి సాక్షాత్తు జ్యూసే కాపలా. ట్రోయ్ యుద్ధం నడుస్తుండగా గ్లౌకస్, డయొమీడీస్ ఎదురుపడి, వంశాలు చెప్పుకుని, ఒకడి తాత ఇంకొకడి తాత ఇంట్లో ఇరవై రోజులు అతిథిగా ఉన్నాడని తెలిశాక ఈటెలు దించేస్తారు, కవచాలు మార్చుకుంటారు. గ్లౌకస్ ఇచ్చింది బంగారం, పుచ్చుకుంది కంచు. వంద ఎద్దుల వెల చేసేది తొమ్మిది ఎద్దుల వెలకి ఇచ్చాడు, జ్యూస్ వాడి బుద్ధి హరించి ఉంటాడని హోమర్ చురకేస్తాడు. దీన్ని ప్రేమ అనాలో వద్దో తెలియదు గానీ ఏ పెట్టెలోనూ పట్టదు.

ఇక ఇవాళ్టి గ్రీసు. ఏథెన్స్‌లో కుర్రాడు తన ప్రియురాలితో ‘స్ అగపో’ అంటాడు, ఐ లవ్ యూ అని. అగాపేకి అదే క్రియ. తల్లి బిడ్డతో అనేదీ అదే. చర్చిలో పౌలు పత్రిక చదివినప్పుడు వినిపించే నామవాచకం ఇప్పుడు అగాపి అని పలుకుతుంది, ‘అగాపి ము’ అంటే నా బంగారం అన్నంత మామూలు పిలుపు. ‘ఎరోతస్’ అంటే కొత్తగా ప్రేమలో పడ్డప్పటి మైకం. ‘ఫిలీయా’ని మధ్యలో ఒత్తి పలికితే స్నేహం, చివర్లో ఒత్తితే ముద్దులు, స్నేహితులు మెసేజ్ చివర రాసుకునేది ఆ రెండోదే.